ఇంజను వైపు కాళ్ళు

నేను రైల్వే యార్డుకి చేరేసరికి మా తోడల్లుడు అప్పటికే అక్కడున్నాడు. నా పెళ్ళికి ఎవరి తరఫునో వచ్చి, భోజనాల దగ్గర మా మరదలిని చూసి, ఏడాది తిరక్కుండా ఆ ఇంటికి చిన్నల్లుడైపోయిన మనిషి. అప్పట్నుంచీ మా అత్తగారి నోట నా ఊసు లేదు. అతను పోలీసు ఇన్‌స్పెక్టరు, నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. అతనికి జీపు, నాకు స్కూటరు. అతని మీద నాకు అసూయ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఉంది, కావలసినంత ఉంది.

"మీరెందుకు శ్రమపడ్డారు అన్నయ్యా? కేసు అయిపోయింది," అన్నాడు.

"అయిపోతే నువ్వింకా ఇక్కడేం చేస్తున్నావు?"

అతను నవ్వాడు. మా అత్తగారికి ఆ నవ్వంటేనే ప్రాణం.

మా ఎదురుగా పట్టాల మీద ఒంటరిగా నిలబడి ఉంది ఆ బోగీ. దాని యజమానిని రైల్వేవాళ్ళు వెటకారంగా దొరగారు అంటారు. మామూలు ప్యాసింజరు రైలు చివర తగిలించే సొంత బోగీ అది. లోపల రెండు పడకగదులు, ఒక హాలు, ఒక వంటగది. ముందు బోగీల్లో జనం కాళ్ళు చాపుకునే చోటు లేక ఒకరి మీద ఒకరు పడుతుంటే, ఇందులో వెల్వెట్ తెరలు, గోడకి నిలువుటద్దాలు. ప్రతి స్టేషన్లోనూ జనం దీన్ని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటారట. నిజం చెప్పొద్దూ, నేనూ పోసుకున్నాను.

జరిగింది ఇదీ. నిన్న సాయంత్రం ఈ బోగీలో ముగ్గురు ఎక్కారు: దొరగారు, పక్కలు వేసి కాఫీలు అందించే అటెండరు, ఒక కన్సల్టెంటు. ఇలాంటి బోగీ నడిపితే గిట్టుబాటవుతుందా లేదా తేల్చడానికి వచ్చిన మనిషి ఆవిడ. రాత్రి దారిలో జంక్షన్ దగ్గర రైలు చాలాసేపు ఆగింది. అక్కడ ఇంజను ఒక చివర్నుంచి రెండో చివరికి మారుతుంది. ఆ తర్వాత ఇక్కడికి వచ్చేదాకా ఎక్కడా ఆగదు. తెల్లారి రైలు ఇక్కడ ఆగాక అటెండరు కాఫీ పట్టుకెళ్తే కన్సల్టెంటు మంచం మీద చచ్చిపోయి ఉంది. ముఖం మీద దిండు అదిమి చంపారన్నాడు డాక్టరు.

దొరగారి భార్య కూడా అదే రైల్లో ప్రయాణం చేసింది, మామూలు బోగీలో, తలమీద ముసుగేసుకుని. భర్తకీ ఆ కన్సల్టెంటుకీ ఏదో ఉందని ఆవిడ అనుమానం. జంక్షన్లో దిగి ఈ బోగీ ఎక్కింది. ఆవిడ చెవి దిద్దు ఒకటి మంచం పక్కన దొరికింది. లోపలికి వెళ్ళానని తనే ఒప్పుకుంది కూడా. ఇంకేముంది, మా తోడల్లుడు అరెస్టు చేసేశాడు. ఆవిడ పోలీసు స్టేషన్నుంచి నాకు ఫోన్ చేసి, "నేను చంపలేదండీ, ఎవరూ నమ్మట్లేదు," అంది. ఆ ఎవరూ అన్నదాంట్లో మా తోడల్లుడు ఉన్నాడని తెలిశాక నేను ఆవిణ్ణి నమ్మడానికి క్షణం పట్టలేదు.

హాల్లో దొరగారు కూర్చుని ఉన్నారు. నలగని చొక్కా, నిద్రలేని కళ్ళు. మా తోడల్లుడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇది నిజంగా గిట్టుబాటవుతుందా సార్?" అని మొదలుపెట్టాను.

"అందరూ అదే ప్రశ్న!" ఆయన ముఖంలోకి ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. "ఇందులో నలుగురు పడుకుంటారు. ఇదే బరువున్న మామూలు బోగీలో డెబ్బైమంది పడతారు. లోపల ఒక్కడున్నా సరే, ఆ డెబ్బైమంది ఛార్జీ నా దగ్గర గుంజుతారు రైల్వేవాళ్ళు. యార్డులో నిలబెడితే అద్దె, ఖాళీగా వెనక్కి లాగితే ఛార్జీ. ఏనుగుని మేపుతున్నావంటాడు మా నాన్న. కానీ నేను అమ్మేది టికెట్టు కాదండీ, నిద్ర. విమానంలో ఎగిరేవాడికి దొరుకుతుందా ఇలాంటి నిద్ర?"

"అంత గొప్ప నిద్రా?"

"మా మంచాలు చూశారా? పట్టాల వెంట నిలువుగా ఉంటాయి. అతిథి కాళ్ళు ఎప్పుడూ ఇంజను వైపే ఉండాలి. బ్రేకు పడితే కుదుపు కాళ్ళు కాచుకోవాలి గానీ తల వెళ్ళి గోడకి కొట్టుకోకూడదు. జంక్షన్లో ఇంజను అటు మారితే మేం దిండు ఇటు మారుస్తాం. అందుకే జంక్షన్ దాటాకే పక్కలు వేయిస్తాను. ఈ పద్ధతి నాది. ఇంకే రైల్లోనూ లేదు."

"నిన్న కూడా అలాగే వేశారా?"

"లేదు. ఆవిడ తలనొప్పంది. భోజనం కాగానే, జంక్షన్ రాకముందే పడుకుంటానంది. అటెండరు పక్క వేశాడు. ఆ తర్వాత నేను ఆ గదిలోకి తొంగి కూడా చూడలేదు."

"ఆవిణ్ణి పిలిపించింది మీరేనా?"

"మా నాన్న." ఆయన గొంతు మారింది. "ప్లాట్‌ఫారం పొడవు చాలదని ఈ రైలుకి ఒక్క ప్రైవేటు బోగీకే ఒప్పుకున్నారు. మా తమ్ముడు కూడా ఒకటి తయారుచేశాడు. అందులో పావురాల గూళ్ళలాంటి నలభై అరలు. ఒక్కో అరలో ఒక్కో మనిషిని తోస్తాడు. దాన్నీ స్లీపరంటాడు వాడు! ఇద్దరిలో ఎవరిది ఉండాలో ఆవిడ తేల్చాలి. తేల్చకుండానే పోయింది."

తమ్ముడు అనే మాట ఆయన నోట్లోంచి వచ్చిన తీరు నాకు బాగా తెలుసు. తోడల్లుడు అనే మాట నా నోట్లోంచి అలాగే వస్తుంది. ఆయన మీద నాకు ఉన్నట్టుండి చుట్టరికం లాంటిది పుట్టుకొచ్చింది. వయసులో చిన్నవాడు వచ్చి మన కుర్చీలో కూర్చుంటే ఎంత మండుతుందో తెలిసిన మనిషి మరొకరు దొరికారు. ఇక ఆయన్ని పెద్దగా గుచ్చి అడగలేదు.

కన్సల్టెంటు గదిలోకి వెళ్ళాను. శవాన్ని తీసుకెళ్ళారు గానీ పక్క కదపలేదు. మంచానికి ఒక కొస తలుపు వైపు, రెండో కొస గోడకున్న నిలువుటద్దం వైపు. దిండు అద్దం వైపుంది. మా తోడల్లుడి చేతిలో ఉన్న ఫోటోలో శవం తల కూడా అటే ఉంది. తలుపు వైపు చిన్న అరలో సోడాబుడ్డి కళ్ళద్దాలు, సగం తాగిన మంచినీళ్ళ గ్లాసు ఉన్నాయి. కాళ్ళ దగ్గర దుప్పటి అంచుని పరుపు కిందికి గట్టిగా దోపి ఉంచారు. లాగితే సులువుగా రాలేదు.

"ఏమిటన్నయ్యా అంత పరీక్షగా చూస్తున్నారు?" అన్నాడు గుమ్మంలోంచి తోడల్లుడు.

"నీకు కనబడనివి."

"కనబడ్డాక చెప్పండి."

ఎంత పొగరు! చెప్పేది నీకు కాదురా, నీ పై అధికారికి, అనుకున్నాను.

వంటగదిలో అటెండరు కప్పులు కడుగుతున్నాడు. కడిగినవే మళ్ళీ కడుగుతున్నాడు.

"నిన్న ఆవిడకి పక్క వేసినప్పుడు దిండు ఎటు పెట్టావు?"

"తలుపు వైపండి. అప్పటికింకా ఇంజను అద్దం వైపుంది కదండీ."

"జంక్షన్ దాటాక మార్చావా?"

"లేదండీ! నేను అసలు లోపలికే..." అని ఆగిపోయాడు. "జంక్షన్లో ట్యాంకుకి నీళ్ళు పట్టడానికి దిగానండి. మళ్ళీ రైలెక్కేశాను. అంతేనండి."

"అంతేనా?"

"అంతేనండి," అన్నాడు మళ్ళీ అదే కప్పు తీసి కడుగుతూ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. నాకు కావలసింది దొరికింది. ఇంకొక్క మాట దొరగారి భార్య నోటంట వినాలి.

పోలీసు స్టేషన్లో దొరగారి భార్య బల్ల మీద కూర్చుని ఉంది. ఒక చెవికే దిద్దు. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"జంక్షన్లో మీరు తలుపు తీసేసరికి ఆవిడ తల ఎటుందమ్మా?"

"తలుపు పక్కనేనండీ. జుట్టు చేతికి తగిలేంత దగ్గర్లో. ఎంత జుట్టండీ అది! నాకేమో దువ్వెన పెడితే గుప్పెళ్ళకొద్దీ ఊడొస్తోంది. అది చూడగానే ఒళ్ళు భగ్గుమంది."

"బాగా చూశారా? తలుపు వైపేనా?"

"ఎన్నిసార్లడిగినా అదే చెప్తాను. ఇన్‌స్పెక్టరుగారు కూడా పొద్దున ఇదే అడిగారు." ఆవిడ నా ముఖంలోకి చూసింది. "నిజం చెప్తున్నానండీ. జుట్టు పట్టుకు లాగి నాలుగు దులుపుదామనే వెళ్ళాను. నిద్రపోతున్న మనిషిని కొట్టడానికి చెయ్యి రాలేదు. పక్కనే ఆ కళ్ళద్దాలు చూసి, ఇంత గుడ్డిదాన్నా ఈయన మోహించింది అనుకుని వచ్చేశాను. ఆవిడ అప్పటికే పోయిందేమో కూడా నాకు తెలీదు. నాకు ఉరి వేస్తారాండీ?"

"నేనుండగా వెయ్యరు," అన్నాను. ఇన్‌స్పెక్టరు కూడా ఇదే అడిగాడన్న మాట చెవిలో పడింది గానీ మనసులో పడలేదు. అప్పటికే నా మనసంతా మేడమీదున్న డీఎస్పీగారి గది మీదుంది.

డీఎస్పీగారి గదిలోకి దొరగారి భార్యతో సహా నేను పిలిచినవాళ్ళూ పిలవనివాళ్ళూ అందరూ చేరారు. భార్యని విడిపించుకోవడానికి వచ్చిన దొరగారు కూడా ఓ మూల కుర్చీలో కూర్చున్నారు. మా తోడల్లుడు నిలబడే ఉన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను కూర్చుని అతను నిలబడిన సందర్భం అదొక్కటే. ఆ ఆనందంలో నా గొంతు కాస్త పెరిగి ఉంటుంది.

"సార్, జంక్షన్లో ఈ అమ్మగారు చూసినప్పుడు కన్సల్టెంటు తల తలుపు వైపుంది. తెల్లారి శవం తల అద్దం వైపుంది. అంటే ఈవిడ దిగిపోయాక ఎవరో ఆ గదిలోకి వెళ్ళి ఆవిణ్ణి అటునుంచి ఇటు తిప్పి పడుకోబెట్టారు. ఈవిడ మామూలు బోగీకి తిరిగి వెళ్ళిపోయింది. రెండు బోగీల మధ్య తలుపుకి ఎప్పుడూ తాళమే, అటునుంచి దారి లేదు. రైలు మళ్ళీ ఎక్కడా ఆగలేదు."

"మెలకువొచ్చి ఆవిడే అటు తిరిగి పడుకుందేమో," అన్నాడు తోడల్లుడు. ఎందుకో గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"కళ్ళద్దాలు లేకపోతే ఆవిడకి తన చెయ్యే కనబడదు. అవి, మంచినీళ్ళ గ్లాసు, రెండూ తలుపు వైపు అరలోనే ఉండిపోయాయి. తనే తిరిగితే వాటిని వదిలేస్తుందా? పైగా కాళ్ళ దగ్గర దుప్పటి పరుపు కిందికి దోపి ఉంది. పడుకున్న మనిషి తన కాళ్ళ కింద తనే దుప్పటి దోపుకుంటుందా తమ్ముడూ? కావాలంటే ఈ బల్ల మీద పడుకుని చూపించు."

ఎవరో కానిస్టేబులు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు నాకు శాలువా కప్పినట్టనిపించింది.

"అయితే చంపిందెవరంటారు?" అడిగారు డీఎస్పీగారు.

"ఇంజను మారితే దిండు మార్చడం ఎవరి చేతికి అలవాటో వాడే. అటెండరు."

దొరగారు తలపట్టుకుని, "వాడా! వాణ్ణి ఇంట్లో మనిషిలా చూశాను," అన్నారు.

"సార్," అన్నాడు తోడల్లుడు, "ఈవిణ్ణి ఇవాళ్టికి ఇక్కడే ఉంచుదాం."

"ఎందుకు?"

అతను గది అంతా ఒకసారి చూశాడు. "ఇప్పుడు చెప్పలేను సార్. మీతో విడిగా ఒక్క నిమిషం..."

"చెప్పడానికేముంది సార్?" అని నేనే అందుకున్నాను. "పట్టిన కేసు చేజారిపోతోందని మావాడి బాధ. విడిగా మాట్లాడ్డం మా ఇంట్లో కూడా వీడికి అలవాటే, మా అత్తగారి దగ్గర."

ఈసారి డీఎస్పీగారు కూడా నవ్వారు. నవ్వుతూనే ఆవిణ్ణి విడిచిపెట్టే కాగితం మీద సంతకం పెట్టారు.

మెట్ల దగ్గర ఆవిడ నాకేసి తిరిగింది. "నేను రెండ్రోజులు మా అక్క దగ్గరికి వెళ్తానండీ. ఆయనతో వెళ్ళాలంటే ఏదోలా ఉంది."

"సిగ్గుపడకండమ్మా. మీరు అనుమానించినా ఆయన ఒక్క మాటన్నారా? స్వయంగా వచ్చి విడిపించుకున్నారు. ఇంటికి వెళ్ళండి, అన్నీ సర్దుకుంటాయి."

దొరగారు నాకు రెండు చేతులూ జోడించారు. కారు తలుపు తనే తీసి, ఆవిడ కూర్చున్నాక తనే వేశారు. కారు గేటు దాటేదాకా నేను మెట్లమీదే నిలబడి చూశాను. ఎవరైనా వచ్చి అభినందిస్తారేమోనని ఇంకాసేపు నిలబడ్డాను కూడా.

తోడల్లుడు వచ్చి నా మోచెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకెళ్ళి తలుపేశాడు. అతని ముఖం పాలిపోయి ఉంది. ఓడిపోయిన మొహం ఎలా ఉంటుందో చూద్దామని ఎన్నేళ్ళుగానో ఎదురుచూశాను. అది ఇలా ఉండదని అర్థమైంది.

"అటెండరు జంక్షన్లో మళ్ళీ ఎక్కడ ఎక్కాడో అడిగారా?"

"రైల్లో."

"ఏ బోగీలో?"

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నీళ్ళ పైపు విప్పుతుండగానే రైలు కదిలింది. పరిగెత్తి అందిన మామూలు బోగీ ఎక్కాడు. ఇటు రావడానికి దారి లేదు. తెల్లారేదాకా తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు 'ఏరా, దొరగారి పరుపు గుచ్చుకుంటోందా?' అని రాత్రంతా వాణ్ణి ఏడిపించారు. ఉద్యోగం పోతుందని వాడు మీకు చెప్పలేదు. నాకూ చెప్పలేదు. ఆ బోగీలోవాళ్ళు చెప్పారు. మీరు మామూలు బోగీల వాళ్ళనెవరినైనా అడిగారా అన్నయ్యా?"

అడగలేదు. వెల్వెట్ తెరలున్న బోగీ తప్ప నా కంటికి ఇంకేదీ ఆనలేదు.

"జంక్షన్నుంచి ఇక్కడిదాకా ఆ బోగీలో కన్సల్టెంటు కాక ఉన్న మనిషి దొరగారొక్కరే," అన్నాడతను. "ఆవిడ తేల్చకుండా పోయిందన్నది అబద్ధం. భోజనం దగ్గరే చెప్పేసింది, మీ తమ్ముడి బోగీయే గిట్టుబాటవుతుంది, మీది దింపేసుకోండి అని. వంటగదిలోంచి అటెండరు విన్నాడు. తలనొప్పి ఆ తర్వాతే మొదలైంది. ఎందుకు రాదూ, ఎదురుగా మనిషి అలా అరిస్తే?"

"మరి దిండు? చంపినవాడు శవాన్ని అలాగే వదిలేస్తే పోయేదిగా?"

"ఇంకెవడైనా వదిలేసేవాడు. నిద్రలో పోయిందని అందరూ అనుకోవాలని పక్క సర్దబోయాడు. సర్దుతుంటే అతిథి తల ఇంజను వైపుంది. ఆయన బోగీలో అలా ఉండడానికి వీల్లేదు. చేతులు ఊరుకోలేదు."

 నా నోరూ ఊరుకోలేదు. "ఇంత తెలిసీ ఆ ఇల్లాల్ని ఎందుకు అరెస్టు చేశావు?"

"అరెస్టు కాదు, దాచాను. రాత్రి ఆ తల ఎటుందో కళ్ళతో చూసింది ఆవిడొక్కతే. చూసిందని ఆయనకి తెలీదు. మంచం దాకా వెళ్ళి వచ్చిందని తెలుసుగానీ ఈ సంగతి తెలీదు. సాయంత్రం డాక్టరు రిపోర్టు రాగానే ఆయన్ని లోపలేద్దామనుకున్నాను. అటెండర్ని కూడా మధ్యాహ్నమే మా ఇంటికి పంపించాను, మీ మరదలు చూసుకుంటోంది. మీరేమో ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని బల్ల గుద్ది మరీ చెప్పారు."

"నాకు ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"నేను చెప్తే మీరు వింటారా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా విన్నారా?"

 అసూయకి మందు లేదని మా అమ్మ అనేది. నాకు లేకపోతే పోయింది, ఆ మందు లేని రోగానికి ఇప్పుడు వేరే ఆడమనిషి ప్రాణం పణంగా పెట్టాను. ఫోను తీసి ఆవిడ నంబరు కొట్టాను. తోడల్లుడు కిటికీలోంచి జీపు డ్రైవర్ని కేకేస్తున్నాడు.

చాలాసేపు మోగాక అటువైపు ఎత్తారు.

"హలో." ఫోను ఆవిడది. గొంతు దొరగారిది.

"అమ్మగారికి ఒక్కసారి ఇస్తారా సార్? చిన్న సంతకం పని మిగిలిపోయింది."

"పడుకుందండీ," అన్నారాయన మెల్లగా, పక్కన పసిపాప నిద్రపోతున్నట్టు. "పాపం, బాగా అలిసిపోయింది. ఇప్పుడు లేపలేను. మీరు చేసిన మేలు ఈ జన్మలో మర్చిపోను."

ఫోను పెట్టేశారు. వాళ్ళు ఇక్కడ కారెక్కి ఇంకా పావుగంట కూడా కాలేదు.